గట్టు బస్సు చరిత్ర

టేపు పట్టుకుని బస్సు పొడవు కొలుస్తున్న మనిషిని చూడగానే సుబ్బరత్నం గుండెల్లో రాయి పడింది.

అలవాటు ప్రకారం ముందు కిటికీలోంచి తువ్వాలు సీటు మీదికి విసిరింది. సీటు ఖాయమయ్యాక, చీరల మూట పక్కన దించి అతన్ని ఎగాదిగా చూసింది. అరవై దాటినట్టున్నాడు. భుజానికి సంచి, మెడలో కెమెరా. పొడవు కొలిచాక వెనక్కి వెళ్ళి వెడల్పు కొలిచాడు. ఆ తర్వాత బస్సు ముక్కు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు.

కంకిపాడు అవతల కాలువ గట్టు మీది ఊళ్ళ నుంచి భవానీపురం దాకా తిరిగేది ఈ ఒక్క బస్సే. నగరంలో కొత్త ఎలక్ట్రిక్ బస్సులు దిగుతున్నాయి. రూట్లు మారుతున్నాయి, నంబర్లు మారుతున్నాయి. ఆ కొత్తవి మరీ పొడుగు. గట్టు మీది ఇరుకు వంతెన దగ్గర మలుపు తిరగలేవు. పాతదాన్ని తుక్కుకి పంపితే ఈ రూటే ఎత్తేస్తారని డ్రైవరు కృపానందం ఎప్పుడో చెవిన వేశాడు.

రూటు పోతే సుబ్బరత్నం వ్యాపారం పోయినట్టే. మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు తెచ్చి భవానీపురంలో ఇంటింటికీ తిరిగి అమ్ముకునే మనిషి. అంత మూట నెత్తిన పెట్టుకుని ఆటోలు మారుతూ పోవడం అయ్యే పని కాదు.

“ఎవరండీ మీరు?” అని అడిగింది.

“బస్సులంటే ఇష్టమండీ. ఊరికే చూద్దామని వచ్చాను.”

ఊరికే చూసేవాడికి టేపెందుకు?

బస్సు కదిలాక కూడా ఆమె అతని మీంచి చూపు తిప్పలేదు. అతను సీట్ల కిందికి వంగి చూశాడు. గంట తాడు లాగి, అది మోగితే చంటిపిల్లాడిలా నవ్వాడు. చిరిగిన సీటుకి ఫొటో తీశాడు. ఇంజను ఎలా ఉందని మాత్రం కృపానందాన్ని ఒక్క ముక్క అడగలేదు. తుక్కులోకి పోయేదానికి ఇంజను ఎలా ఉంటే వీడికేం? సుబ్బరత్నం అనుమానం అక్కడితో గట్టిపడింది.

“చాలా పాత బస్సులా ఉందండీ. దీని గురించి చెప్పుకునే కథలేమైనా ఉన్నాయా?” అన్నాడతను, ఫోను చేతిలోకి తీసుకుంటూ.

ఆమె బుర్ర చకచకా పనిచేసింది. ముసలి బస్సునైతే కళ్ళు మూసుకుని తుక్కులో వేస్తారు. పేరున్న బస్సు మీద చెయ్యి వెయ్యాలంటే ఎంతటివాడైనా కాస్త జంకుతాడు. అంతే, అందుకుంది.

“కథలకేం కొదవండీ? గట్టు తెగినప్పుడు మా ఊరంతటినీ ఒడ్డున పడేసింది ఇదే. నీళ్ళు ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాయి” అని కిటికీ అంచు తాకి చూపించింది. గట్టు తెగిన మాట నిజమే. బస్సు మాత్రం ఆ రోజు షెడ్డులో ఉంది.

కూరగాయల గంపతో కూర్చున్న శౌరమ్మ ఊరుకుంటుందా? తన మేనల్లుడు ఆ వెనక సీట్లోనే పుట్టాడంది. పెద్దాసుపత్రి మంచం మీద పుట్టిన పిల్లవాడు వాడు. గట్టు ఊళ్ళ పెళ్ళిచూపులు సగం ఇందులోనే జరిగాయని ఇంకెవరో అందించారు. పుష్కరాలకి తొలి యాత్రికుల్ని దించింది ఈ బస్సేనని, స్టీరింగు వదలకుండానే కృపానందం కూడా తన వంతు ఒక రాయి వేశాడు. ఎవరికీ తప్పు చేస్తున్నామని అనిపించలేదు. బస్సు తమది, దాన్ని కాపాడుకోవాలి.

అన్నీ రికార్డు చేసుకుని అతను కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇంకో బస్సు కూడా చూశానండీ. దానికి ఇంత చరిత్ర లేదు.”

“అయితే దీన్ని తుక్కుకి వెయ్యరు కదా?” సుబ్బరత్నం అసలు మాట అడిగేసింది.

“తుక్కుకా? దీని మీద చిన్న గీత కూడా పడనివ్వనండీ.”

తియ్యగానే చెప్పాడు. మాటలదేముంది, ఎవరైనా చెబుతారు. ఆమెకి మాత్రం నమ్మకం కుదరలేదు. రోజూ స్టాపుకి వచ్చి, మలుపులో బస్సు ముక్కు కనిపించేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడేది.

ఒక సాయంత్రం కృపానందం కబురు తెచ్చాడు. బస్సు తుక్కుకి పోవడం లేదు. డిపోలో గట్టిగా చెప్పారు. రేపు పొద్దున ఆ పెద్దాయన స్వయంగా వస్తున్నాడు.

తెల్లారేసరికి స్టాపు దగ్గర పండగ. బస్సుని కడిగి పసుపు కుంకుమలు పెట్టారు. అద్దానికి అడ్డంగా బంతిపూల దండ కట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. శౌరమ్మ అందరికీ అరటిపళ్ళు పంచింది. అతను రాగానే సుబ్బరత్నం మూట విప్పి, ఉన్నవాటిలో మంచి నేత కండువా తీసి అతని భుజాల మీద కప్పింది.

“మిమ్మల్ని అనుమానించానండీ. మనసులో పెట్టుకోకండి.”

“అయ్యో, అదేంటమ్మా. మీరంతా చెప్పబట్టే కదా పైవాళ్ళు ఒప్పుకున్నారు” అన్నాడతను, కండువా సర్దుకుంటూ. ఆ మాటకి అందరూ చప్పట్లు కొట్టారు. కృపానందం చక్రం ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఇన్నాళ్ళ బరువూ దిగిపోయి సుబ్బరత్నానికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

ఆమె కిటికీలోంచి తువ్వాలు సీటు మీదికి విసిరి, మూట ఎత్తుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి, అతను ‘భవానీపురం’ అన్న బోర్డు తీసేసి, సంచిలోంచి తీసిన కొత్త బోర్డుని అద్దం వెనక ఎంతో జాగ్రత్తగా నిలబెడుతున్నాడు: ‘మ్యూజియం బస్సు. ఎక్కరాదు.’