ఎరుపు పైన

“అన్నం తిన్నావా బాబూ?”

షాలేమ్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు.

గుమ్మంలో బక్కపల్చటి ఫిలిప్పీన్స్ ముసలాయన. చేతిలో టిఫిన్ డబ్బా. అడిగింది ఇంగ్లీషులోనే. కానీ కాకినాడ వదిలాక షాలేమ్‌ని ఆ మాట అడిగిన నాథుడు లేడు.

“ఇంకా లేదు” అన్నాడు మొహమాటంగా.

“అయితే పని ఆపు. కడుపు మాడ్చుకుని గీస్తే ఆ బొమ్మ కూడా నీరసంగా ఉంటుంది.”

కిటికీలోంచి ఆ బొమ్మని చూసే లోపలికొచ్చాడట. పేరు డోమింగ్.

అది కెనడాలోని రెజైనాలో కోదండరామ్‌గారి టీషర్టుల ప్రింటింగ్ షాపు. మనవాళ్ళు చదువుల పేరుతో విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. పార్ట్‌టైమ్ పని దొరకడమే గగనం. గ్రాఫిక్ డిజైన్ కోర్సు చివరికొచ్చిన షాలేమ్‌కి కోదండరామ్‌గారు ఓ మాటిచ్చారు.

“ఫిలిప్పీన్స్ వాళ్ళ అసోసియేషన్ ఆర్డరయ్యా ఇది. వాళ్ళకి నచ్చిందా, నీకు ఫుల్‌టైమ్ జాబ్. వర్క్ పర్మిట్, ఇక్కడే ఉండిపోడానికి పీఆర్, అన్నీ లైన్లో పడతాయి. చెడగొట్టావా, ఇంకో షాపు చూసుకో.”

బొమ్మలో ఉన్నవాడు నార్డో. ఈ ఊళ్ళో ఆస్పత్రి వంటింట్లో పనిచేస్తూనే బాక్సింగ్ ఛాంపియన్ అయినవాడు. కిందటేడు పోయాడు. జూన్‌లో అతని పేర పండగ. వచ్చిన ప్రతివాడి ఒంటిమీదా అతని బొమ్మ ఉండాలి.

మర్నాడు డోమింగ్ మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. డబ్బాలో అన్నం, వేయించిన ఎండుచేపలు.

“ఏం కంపయ్యా ఇది! కస్టమర్లు పారిపోతారు” అని కోదండరామ్‌గారు ముక్కు మూసుకున్నారు.

షాలేమ్‌కి మాత్రం ప్రాణం లేచొచ్చింది. వేళ్ళు నాకుతూ తిన్నాడు.

ముసలాయన స్క్రీన్ ముందు కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

“వాడి ఎడమ చెయ్యి ఇంకా కిందనించి రావాలి. అబ్బ, ఏం చెయ్యది! వస్తున్నట్టే తెలిసేది కాదు.”

“మీరు చూశారా తాతగారూ?”

“చాలా దగ్గర్నించి చూశాను” అని పగలబడి నవ్వేవాడు.

పాపం, పనీపాటా లేని మనిషి, కాలక్షేపానికి వస్తున్నాడనుకున్నాడు షాలేమ్.

తర్వాత డోమింగ్ కంటి ఆపరేషన్ చేయించుకుని ఓ వారం రాలేదు.

ఆ వారంలోనే షాలేమ్‌కి బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. నార్డో వెనకాల వాళ్ళ జెండా పెడితే? జెండాలో నీలం పైన, ఎరుపు కింద. ఎర్ర గ్లవ్ పైకి లేస్తోంది కదా, ఎరుపు పైకి తెస్తే అదిరిపోతుందని తిరగేశాడు. చూసుకుని మురిసిపోయాడు. చొక్కాలన్నీ ప్రింటయిపోయాయి.

అసోసియేషన్ ప్రెసిడెంట్ తెరెసిటా పెట్టె విప్పింది. ఆవిడ మొహం మాడిపోయింది.

“ఎవరు చేశారీ పని?”

“నేనే మేడమ్” అన్నాడు షాలేమ్ గర్వంగా.

“మా జెండా శాంతిగా ఉన్నప్పుడు నీలం పైన. యుద్ధం వస్తేనే ఎరుపు పైకి తిప్పుతాం. పండగ నాడు ఇవి తొడిగి మా పిల్లల్ని యుద్ధానికి పంపమంటావా? మాకొద్దు ఇవి!”

షాలేమ్ గబుక్కున ఓ చొక్కా తీసి తిప్పి చూసుకున్నాడు.

“నాకు తెలీదు మేడమ్...”

“తెలీకపోతే అడగొద్దా?” కోదండరామ్‌గారు తెలుగులో విరుచుకుపడ్డారు. “నీ పనికో దండం. రేపట్నించి రాకు.”

అప్పుడే తలుపు తోసుకుని డోమింగ్ వచ్చాడు. కంటికి నల్లద్దాలు, చేతిలో డబ్బా. చొక్కా అందుకుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. తెరెసిటా మొహం చూశాడు. కుర్రాడి మొహం చూశాడు.

“ఎరుపు పైన పెట్టమంది నేనే” అన్నాడు.

షాలేమ్ నోరు తెరవబోతే, చేత్తోనే ఆపాడు.

“నార్డో రింగులోకి దిగాడంటే యుద్ధం కాక మరేమిటమ్మా?”

తెరెసిటా ఆయన వైపు తిరిగింది. కోపమంతా ఎటు పోయిందో! ముందుకొచ్చి, వంగి, ఆయన చెయ్యి తీసి తన నుదుటికి ఆనించుకుంది. వాళ్ళలో పెద్దలకి పెట్టే దండం అది.

“మీరే చెబితే ఇంక మాట్లాడేదేముంది? చొక్కాలు తీసుకెళతాం.”

ఆవిడ వెళ్ళింది. కోదండరామ్‌గారు గొంతు సవరించుకున్నారు.

“సరే, సరే. రేపు టైముకి రా.”

షాలేమ్‌కి ఏడుపొచ్చేసింది.

“నాకోసం ఎందుకు అబద్ధం చెప్పారు తాతగారూ?”

“ముందు అన్నం తిను. చల్లారిపోతుంది.”

పండగ రోజు హాలంతా షాలేమ్ గీసిన బొమ్మే. ముసలివాళ్ళు, పసివాళ్ళు, అందరి గుండెల మీదా నార్డో. ఎరుపు ఎందుకు పైకొచ్చిందో ఒకరికొకరు చెప్పుకుని పొంగిపోతున్నారు. షాలేమ్ తన పక్క కుర్చీ ఎవరికీ ఇవ్వకుండా డోమింగ్ కోసం ఆపాడు. వాళ్ళమ్మ ఫోన్లో చెబుతుంటే తనే వండిన చేపల పులుసు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇవాళ ఆయనకి తను పెట్టాలి.

ఆయన రాలేదు.

తెరెసిటాని అడిగాడు.

“నీకు చెప్పలేదా? నిన్ననే వాంకూవర్ వెళ్ళిపోయాడు, కూతురి దగ్గరికి. ఇంక అక్కడే.”

“ఇంత పండగ వదులుకునా?”

“వస్తే హాలంతా లేచి నిలబడుతుంది. ఆయనకి సిగ్గు.”

“ఆయన కోసమా? ఎందుకు?”

తెరెసిటా ఆశ్చర్యంగా చూసింది.

“రోజూ నీతో కూర్చున్నాడే, తెలీదా? నార్డో ఛాంపియన్ అయిన నాడు అతని దెబ్బకి పడిపోయి, మళ్ళీ లేచి, తనని ఓడించినవాణ్ణే భుజాల మీదికెత్తుకుని రింగంతా తిప్పిన మనిషి ఈయనేనయ్యా!”