గొట్టం లోపలి మసి

జగన్నాథం అతుకును అడ్డంగా కోయించి, ఆ రాగి గొట్టం ముక్కను కేశవ కళ్ల ముందు పెట్టాడు. బయట వెండి అతుకు ఉంగరంలా మెరుస్తోంది. లోపల నల్లటి మసి పొరలు పొరలుగా లేచి ఉంది.

“గ్యాస్ బంద్ చేసినావు.”

కేశవ కాదనలేదు. లోపల మసి పట్టకుండా, రాగిని కాలుస్తున్నంతసేపూ గొట్టంలో నైట్రోజన్ సన్నగా పారుతూనే ఉండాలని జగన్నాథం మొదటిరోజే నేర్పాడు. కానీ ఆ గాలి కరిగిన వెండిని బయటికి నెట్టేస్తోంది. అతుకు ఒక పట్టాన నిలవదు. పని తొందరగా తేలాలని పొద్దున్న కేశవ నైట్రోజన్ కట్టేసి, నాలుగు అతుకులూ చకచకా వేసేశాడు.

“అన్నీ కోసెయ్. మళ్లీ వెయ్.”

లోవు అనే ఊళ్లో ఇళ్లకు నీళ్ల పైపులు వేసి పేరు తెచ్చుకున్న కేశవ, ఆస్పత్రి ఆక్సిజన్ లైను పని నేర్చుకోవాలని సముద్రం దాటి లంబాసా వైపు వచ్చాడు. ఈ దీవిలో ఆ పని తెలిసినవాడు జగన్నాథం ఒక్కడే. పక్షవాతంతో అతని కుడిచెయ్యి పడిపోయింది. నోటితో అతను చెబుతుంటే, చేతులతో కేశవ చేస్తున్నాడు.

లీకు లేదు కదా అని కేశవ వాదించాడు. గోడ అవతల వార్డులో ఆరుగురు ఊపిరికి కొట్టుకుంటున్నారని గుర్తుచేశాడు. పెరట్లో కొత్త ఆక్సిజన్ మిషను ఈ లైను కోసమే కాచుకుని ఉంది.

“లీకు లేదు,” అన్నాడు జగన్నాథం. “ఈ మసి రాలి ఆ ఆరుగురి ఛాతీలోకి పోతుంది. వాల్వులో నిప్పు కూడా పుట్టొచ్చు.”

అంతలో సిస్టర్ బిమ్లా వచ్చింది. సిలిండర్లు తెచ్చే ఓడ తుఫానుకు ఆగిపోయిందట. ఉన్నవి అయిపోవస్తున్నాయట. కోసిన చోట అతికించి, మిగతా లైను ఎలా ఉంటే అలా సాయంత్రందాకా తెరవొచ్చా అని అడిగింది. జగన్నాథం వార్డు గోడ వైపు చూశాడు. ఆఖరికి అడ్డంగా తలూపాడు. ఆమె అతని ముఖం వైపే చూస్తూ కాసేపు నిలబడి, వెళ్లిపోయింది.

కేశవ పళ్లు కొరుకుతూ మంట వెలిగించాడు. జగన్నాథం గొట్టం ఆ చివర ఎడమచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

“గాలి ఎక్కువొస్తోంది. తగ్గించు. నిద్రపోయే మనిషి ఊపిరిలాగా రావాలి. ఆ, ఇప్పుడు మంట వెనక్కి లాగు. వెండి దానంతట అదే వస్తుంది.”

నిజంగానే వచ్చింది. అన్ని రోజులూ లొంగని వెండి ఈసారి అతుకు చుట్టూ తిరిగి, నిలబడిపోయింది.

మూడో అతుకు ముగుస్తుండగా సిస్టర్ బిమ్లా మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది. కిటికీ పక్క బెడ్డు మీది ముసలామె పోయిందని చెప్పింది.

కేశవ మంట ఆర్పేశాడు.

“గొట్టం చల్లారిపోతోంది. వెలిగించు,” అన్నాడు జగన్నాథం.

“మనిషి పోయింది మాస్టర్. నీ మొండితనానికే పోయింది.” కేశవ అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

“ఇంకా ఐదుగురున్నారు.”

ఆ గొంతు ఎంత మామూలుగా ఉందంటే, కేశవకు అతని మీద అసహ్యం పుట్టింది. మళ్లీ మంట వెలిగించి నాలుగోది వేశాడు. జగన్నాథం టార్చిలైటు వేసి గొట్టం లోపల చూశాడు. మసి లేదు, గులాబీరంగు రాగి.

“పని వచ్చింది నీకు,” అన్నాడు.

ఈ మాట కోసమే కేశవ ఇంత దూరం వచ్చాడు. ఇప్పుడది చెవికి చేదుగా తగిలింది. ఒత్తిడి పరీక్ష అయ్యాక లైను తెరిచారు. ఐదు బెడ్ల దగ్గర ఆక్సిజన్ సన్నగా బుసలు కొట్టింది. ఆరో బెడ్డు మీద దుప్పటి మడతపెట్టి ఉంది. దాన్ని చూశాక కేశవ కోపం నిలవలేదు. పొద్దున్న తాను నైట్రోజన్ కట్టెయ్యకపోయుంటే ఈ లైను మధ్యాహ్నానికే తెరుచుకునేది.

“ఆమె ఇంటివాళ్లకు మీరే చెప్పండి మాస్టర్,” అన్నాడు. “నా వల్ల ఆలస్యమైందని చెప్పండి. నేను చెప్పలేను.”

“వాళ్లకు తెలుసులే,” అన్నాడు జగన్నాథం, ఎడమచేత్తో పనిముట్లు సంచిలో సర్దుకుంటూ.

సిస్టర్ బిమ్లా వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగింది: “అంకుల్, సెయంగంగాలో మీ ఇంటికి వెళ్లడానికి బండి వచ్చింది, ఆంటీని వెనక పడుకోబెట్టాం. మీరు ముందు కూర్చుంటారా, ఆమె దగ్గరా?”