గుడ్డితాతకు దండ

"నీ గుడ్డితాతకు కత్తి పట్టేకి వస్తుందా?" అంటూ మారియప్ప టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు.

"కత్తి పట్టేది గొప్పనా? కసాయోడు కూడా పడతాడు!" పొయ్యి దగ్గర నుంచే కసిరాడు వరదప్ప.

సూళగిరిలో బస్సులు ఆగేచోట వరదప్పది టీ అంగడి. సినిమా మాట లేచిందంటే ఆ అంగట్లో పాలు పొంగిపోయినా పట్టించుకునేవాడు లేడు. మారియప్ప కత్తియుద్ధాల మనిషి. నాగేశప్పకు పాటలుంటే చాలు, కథ ఏ గంగలో కలిసినా ఫరవాలేదు.

వరదప్పకు మాత్రం ఒక్కటే బొమ్మ. ఇరవై ఏళ్ల కిందట కృష్ణగిరి డేరా టాకీసులో చూసింది.

అందులో గుడ్డితాతను కన్నకొడుకే మెడబట్టి గెంటుతాడు. గెంటే తొందరలో వాడి కాలే తడబడుతుంది. ఆ చప్పుడు విని తాత గాల్లోకి చెయ్యి చాస్తాడు.

"మెల్లగా నాయనా, గడప ఎత్తుగా ఉంది" అంటాడు.

ఆ మాటకు వరదప్ప వెక్కివెక్కి ఏడ్చాడు. వాళ్ల నాయనకూ చివర్లో చూపు పోయింది. చూసుకుందామంటే ఆయన పటం ఒక్కటీ లేదు. తెర మీద ఆ తాత తడుముకుంటూ వస్తుంటే నాయనే వస్తున్నట్టు అనిపించింది.

ఒక్కసారి ఆ నటుడి కాళ్ల మీద పడాలని వరదప్ప కోరిక. ఎక్కడ పడతాడు పాపం? ఆ నటుడు అప్పటికే పండు ముసలి. ఈపాటికి ఎప్పుడో పోయి ఉంటాడని తనే తీర్మానించుకున్నాడు. ఆ సినిమా పాటల పుస్తకంలోని తాత ఫొటో కత్తిరించి, అద్దం కట్టించి, గల్లాపెట్టె పైన తగిలించి దండ వేశాడు. పొద్దున్నే ఊదుబత్తి వెలిగించనిదే పొయ్యి వెలిగించడు.

ఆ సినిమా మళ్లీ ఆడించమని డేరా టాకీసు యజమానిని ఏటా బతిమాలుతూనే ఉన్నాడు. ఈ పొద్దు కూడా పోయాడు.

"ఆ ముసిలోడి ఏడుపు ఎవురు చూస్తారప్పా?" అన్నాడు యజమాని.

అప్పటి నుంచి వరదప్పకు ఒళ్లంతా మంటగా ఉంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఇప్పుడు ఈ మారియప్ప ఒకడు.

హోసూరు నుంచి కృష్ణగిరి పోయే బస్సు వచ్చి ఆగింది. అందులోంచి ఒక కొత్త మనిషి దిగాడు. యాభై లోపే ఉంటాయి. నున్నగా గీసిన గడ్డం, మెడలో కండువా. కండువా తీసి బల్ల మీద పెట్టి టీ అడిగాడు.

గ్లాసు అందుకుంటూ పైకి చూశాడు. చూపు పటం మీదే ఆగిపోయింది.

"ఆ దండ ఎందుకండీ?"

"పోయినోళ్లకు దండ వెయ్యకుంటే ఇంకేమేస్తారు సామీ?"

"ఆయన పోలేదే! దండ తీసేయండి."

మారియప్ప పకపకా నవ్వాడు. "వరదప్పా, నీ తాతకు నూరు దాటినా సావు రాలేదంటప్పా!"

"నువ్వు ఊరుకో!" అని వాణ్ణి కసిరి, వరదప్ప కొత్త మనిషి వైపు తిరిగాడు. "ఆయప్ప అప్పుడే పండు ముసలి సామీ. ఇంకా యాడుంటాడు?"

"గడ్డం చూసి అలా అనుకున్నారు. అది అంటించిన గడ్డం."

"అంటించినారా? మా తాతకా?" వరదప్ప గొంతు లేచింది.

ఆ మనిషి పటం మీద నుంచి కళ్లు తిప్పలేదు.

"ఇంకో మాట. ఆ గడప దగ్గర సీను ఆయన పాడుచేశాడు. అంత ఏడుపు అక్కరలేదు. కొడుకు పడిపోతాడేమోనని బెంగపడే తండ్రికి తన మీద తనకు జాలెక్కడిది?"

మళ్లీ ఏడుపు మాటే! యజమాని మీద పొద్దుటి నుంచి దిగమింగిన కోపమంతా వరదప్పకు ఒక్కసారి తన్నుకొచ్చింది.

"ఎవురప్పా నువ్వు? సచ్చి సొర్గాన ఉండే మనిషికి వంకలు పెట్టేకి వచ్చినావా?"

"కాస్త వినండి, ఆ వేషం..."

"వినేది లేదు! లెయ్! నా అంగట్లో నీకు టీ లేదు!"

చేతిలోని గ్లాసు లాక్కుని టీ బయట పారబోశాడు. భుజం పట్టి గడప దాకా నెట్టుకుపోయాడు. ఆ మనిషి ఎదురు తిరగలేదు. ఒకసారి పటాన్ని, ఒకసారి వరదప్ప మొహాన్ని చూశాడు. డ్రైవరు హారన్ కొట్టడంతో వెళ్లి బస్సెక్కాడు.

"నోటికాడి టీ లాక్కుంటారా వరదప్పా? పాపం కదప్పా!" అన్నాడు నాగేశప్ప. మారియప్ప నవ్వు కూడా ఆగిపోయింది.

వరదప్పకు ఎవరి మాటా చెవికెక్కలేదు. బల్ల మీద ఆ మనిషి కండువా కనబడింది.

"వాని గుడ్డ కూడా నా అంగట్లో ఉండకూడదు!"

కండువా చేతబట్టుకుని విసురుగా బయటికి వచ్చాడు. రాతి గడప కాలికి తగిలింది. ముందుకు తూలి, పడబోయి, పందిరి గుంజ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

బస్సు అప్పటికే కదిలింది. కిటికీ పక్కన కూర్చున్న ఆ మనిషి, వరదప్ప తూలడం చూశాడు. గబుక్కున కిటికీలోంచి చెయ్యి చాచాడు. కళ్లు మూసుకున్నాడు. దవడ కిందికి జారింది. మొహం ముడతలు పడి, చూస్తుండగానే ముసలిదైపోయింది.

ఇరవై ఏళ్లుగా వరదప్ప చెవుల్లో మోగుతున్న ఆ వణుకు గొంతే, ఈసారి కాస్త కూడా ఏడుపు లేకుండా, పోతున్న బస్సులోంచి వినబడింది: "మెల్లగా నాయనా, గడప ఎత్తుగా ఉంది."