నడుం కొలత

“నిజం చెప్పు. ఎవడు వాడు?”

కూతురి బ్యాగులో దొరికిన మందు ట్యూబుల్ని కుట్టుమిషను మీద పడేసి అడిగింది టైలరమ్మ. ఆడవాళ్ళకు కింద దురద పుడితే రాసుకునే మందు అది. ఒకటి కాదు, నాలుగు. అందులో మూడు ఖాళీవి. పెళ్ళికాని పిల్లకి ఆ జబ్బెందుకొస్తుందని ఆవిడ ఉద్దేశం.

ఎవరూ లేరంది కూతురు. నాలుగు నెలలుగా తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోందని, చెప్పడానికి సిగ్గేసి తనే మందుల షాపులో కొనుక్కుంటున్నానని తలొంచుకుని చెప్పింది. చెబుతూ చెబుతూనే బాత్రూంలోకి పరుగెత్తి వాంతి చేసుకుంది.

పొద్దుట్నుంచి ఇది మూడోసారి. తల్లి తన మెళ్ళో టేపు తీసి కూతురి నడుం చుట్టూ వేసింది. ఆ వీధిలో ఎవరికి నెల తప్పినా అత్తగారికన్నా ముందు ఆ టేపుకే తెలుస్తుంది మరి. కొలతల పుస్తకంలో ఇరవై ఎనిమిది ఉంది. టేపు మీద ఇరవై అయిదు.

ఇంకో తల్లయితే పిల్ల ఇంతలా చిక్కిపోయిందేమిటని కంగారుపడేది. ఈవిడ ఆలోచన వేరే దారి పట్టింది. మొదటి నెలల్లో పొట్టెక్కడ కనిపిస్తుంది? వేవిళ్ళతో తిండి సయించక ఎంతమంది చిక్కిపోయి జాకెట్లు బిగించమని తేలేదు! అంతే, పిల్ల చెంప ఛెళ్ళుమంది. ఆ వెంటనే రెండోదీ.

“నన్ను నమ్మమ్మా,” అంది కూతురు. బిందెడు నీళ్ళు తాగినా దాహం తీరడం లేదని, కళ్ళు తిరుగుతున్నాయని కూడా అంది. వినే ఓపిక అప్పుడెవరికుంది? కాసేపటికి ఆ పిల్ల గుడ్డముక్కల మధ్యే కూలబడిపోయింది. ఇరుగుపొరుగు వాళ్ళు తలో చెయ్యీ వేసి ఆస్పత్రికి చేర్చారు.

మూడు గంటల తర్వాత, రిపోర్టు పట్టుకుని మంచం దగ్గరికొచ్చింది డాక్టరమ్మ. తల్లి ఆవిడ పక్కకి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

“ఎన్నో నెలండీ?”

“నెలేమిటమ్మా? మీ పిల్లకి షుగరు. ఒళ్ళంతా విషమైపోయేంత పెరిగింది.”

దురద మాటిమాటికీ తిరగబెట్టింది అందుకేనంది డాక్టరమ్మ. చక్కెర అదుపులో లేనిదే ఎన్ని ట్యూబులు రాసినా అది పోదని, పెళ్ళికీ దానికీ సంబంధమే లేదని చెప్పింది. మళ్ళీ మళ్ళీ వస్తున్నప్పుడే రక్తపరీక్ష చేయించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని బాధపడింది. బతికితే ఇక జీవితాంతం రోజూ ఇంజెక్షన్లేనంది.

“బతికితే ఏమిటండీ?”

“రెండు రోజులు గడిస్తేగాని ఏమీ చెప్పలేనమ్మా.”

తల్లి పడిపోతుందేమోనని ఆవిడ భుజం పట్టుకుంది డాక్టరమ్మ. మంచం మీద కూతురు కళ్ళు తెరిచి ఇటే చూస్తోంది. తల్లి రెండు చేతులూ జోడించి, కళ్ళనీళ్ళతో గట్టిగా ఊపిరి వదిలింది.

“అమ్మయ్య! ఒట్టి జబ్బేనా.”