గీత దాటిన ముద్దు

మా ఆవిడ పై పెదవి మీద నీటిపొక్కులు లేచాయి. మా ఇద్దరికీ ఉన్న హెచ్ఐవీ మందులతో అదుపులోనే ఉందని, ఇది హెర్పిస్ అనే వేరే వైరస్ అని డాక్టరమ్మ చెప్పింది. ఆ వెంటనే నా వైపు తిరిగి వేలు చూపించింది.

"పూర్తిగా మానేదాకా ముద్దుముచ్చట్లు కట్టిపెట్టండి."

మా ఆవిడ టైలరు. ఇంటికి రాగానే టేపుతో కొలిచి నా కుర్చీని రెండు గజాల అవతలికి జరిపింది. మధ్యలో నేల మీద బట్టలు కత్తిరించే సుద్దతో గీత గీసింది.

"ఇది దాటారంటే కాళ్ళు విరగ్గొడతా మాస్టారూ!"

ఐదో రోజు దాటింది తనే. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న నా మీదకి వంగి, ముద్దు పెట్టేసి, పరుగో పరుగు.

వారం తిరక్కుండా నాకూ పొక్కులు లేచాయి. నేను అద్దంలో చూసుకుంటుంటే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

"హెచ్ఐవీ మీరు నాకిచ్చారు. ఇది నేను మీకిచ్చాను. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదే మరి!"

పదేళ్ళుగా ఆమె కళ్ళలోకి సూటిగా చూడలేకపోయినవాణ్ణి, ఆ పూట చూశాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

నిన్న నాకు మళ్ళీ పొక్కులు లేచాయి. డాక్టరమ్మ మాత్రలు రాస్తూ అంది.

"వీటితో మానిపోతుంది. వైరస్ మాత్రం నరాల్లోనే దాక్కుని ఉంటుంది. అప్పుడప్పుడు ఇలా పైకొస్తుంది. జన్మలో పోదు."

"నిజంగా పోదు కదండీ?" అని నవ్వాను.

ఆమె రాయడం ఆపి నన్నే చూసింది. మా ఆవిడ పోయాక ఈ ఏడాదిలో డాక్టరమ్మ నా నవ్వు చూడలేదు.