ఊదా లైనింగు

సువర్చల మడతపెడుతున్న పట్టుజాకెట్టు లైనింగు ఎడమవైపు ఊదారంగుకు తిరిగింది. రొమ్ములో వాపు తెచ్చే ఎంజైములు పెరిగి హార్మోన్ గ్రాహకాలను రెచ్చగొడుతుంటే, ఆ గుడ్డ అలా చెప్పేస్తుంది. క్యాన్సర్‌కు అది తొలి కబురు. అందుకే ఈ కాలంలో ఎవరూ జాకెట్టు అరువివ్వరు.

మొన్నటి పెళ్ళిలో మాత్రం ముహూర్తానికి సువర్చల, విందుకు ఆమె తోడికోడలు ఇందుమతి ఈ జాకెట్టే తొడుక్కున్నారు.

"నీ చీరకి నప్పుతుందని నేనే ఇచ్చానక్కా," అంది సువర్చల, పక్కనే ఉన్న ఇందుమతికి లైనింగు చూపిస్తూ.

"నీ జాకెట్టు నాకు పట్టిందని ఎంత మురిశానే," అంది ఇందుమతి, నవ్వబోయి మానేసి. "రేపు ఇద్దరం ఆస్పత్రికి పోదాం. ఎవరిదో తేలుతుంది."

ఆమె వంటింట్లోకి వెళ్ళాక సువర్చల దేవుడి పటానికి చేతులు జోడించింది. ‘నాది కాకూడదు’ అని మొక్కబోయి, అయితే అది ఎవరిదవుతుందో తట్టి, చేతులు విప్పేసింది.