అత్తగారి పథ్యం

“ముందు దానికి పొడవండి. అది ఏడవకపోతే అప్పుడు నాకు.”

సూది చూడగానే అత్తగారు చేతులు వెనక్కి దాచేసుకుంది. రక్తం తీసే అమ్మాయి నవ్వింది. కోడలు చేసేది లేక చెయ్యి చాపింది. ఆమె కిక్కురుమనకపోయేసరికి, అత్తగారు కూడా కళ్ళు గట్టిగా మూసుకుని ఇచ్చింది.

అత్తగారి మోకాళ్ళ నొప్పులని ఆసుపత్రికి వచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఇద్దరూ మెట్ల మధ్యలో ఆగారు. అత్తగారి కోసమే ఆగినట్టు కోడలు గోడకు ఆనుకుని నిలబడింది.

ఫలితం తెలుసుకోవడానికి అత్తగారు ఒక్కతే వెళ్ళింది. కోడలికి కుట్టుషాపులో సెలవు దొరకలేదు. సాయంత్రం ఇంటికి రాగానే అడిగింది.

“ఏమన్నారత్తయ్యా?”

“ఒంట్లో ప్రోటీనే లేదంది డాక్టరమ్మ. ఇలాగే వదిలేస్తే మంచం పట్టడం ఖాయమట.”

కోడలికి ముందు షాపే గుర్తొచ్చింది. ఈవిడ మంచం పడితే తను షాపు మానుకోవాల్సిందే. ఆ మిషను ముందు కూర్చున్నంతసేపే ఆమెకు తనదంటూ ఒక బతుకు ఉన్నట్టుండేది.

“గుడ్లు తినమన్నారా?” కొడుకు అడిగాడు.

“ఛీ! గుడ్డు ఎప్పుడైనా ఈ గడప దాటిందా? అదే చెప్పా. అయితే పూటపూటకీ పప్పో శనగలో ఉండాలంది. మొలకలు, సోయా, పల్లీలు, పెరుగు, పనీరు... ఒక్కపూట ఇంత పప్పు తిని చేతులు దులుపుకుంటే చాలదట.”

“ఈ వయసులో కండలు పెంచి ఎవరితో కుస్తీ పడతావమ్మా?”

“నీతోనే.”

కోడలు నవ్వలేదు. అప్పటికే శనగలు నానబోస్తోంది.

మర్నాటి నుంచి వంటింట్లో అంతా అత్తగారి పథ్యమే. అంతకుముందు ఆ ఇంట్లో ఎవరి కోసమూ విడిగా వండింది లేదు. కోడలి కోసమని మొగుడు జీడిపప్పు తెస్తే, కోడలే దాన్ని చుట్టాలొచ్చినప్పుడు పళ్ళెంలో పోసి పెట్టేసింది.

అత్తగారికేమో ఏదీ నచ్చదు. “ఇవి శనగలా, గులకరాళ్ళా? పళ్ళు కొత్తవి కొనిపెడతావా?” నాలుగు గింజలు నమిలి గిన్నె తోసేసేది. సోయా చెప్పు అట్ట. పనీరు సబ్బు ముక్క. పల్లీలు పైత్యం.

“అంత వండించి వదిలేస్తే ఎలా అత్తయ్యా?”

“కుక్కకు పడెయ్యి.”

“బాగుంది, పనీరు కుక్కకా!” అని గొణుగుతూ కోడలు ఆ గిన్నె ఊడ్చి నోట్లో వేసుకునేది. మెతుకు పారేయాలన్నా ఆమెకు ప్రాణం ఒప్పదు.

షాపులో పక్క మిషను ఆవిడ దగ్గర వాపోయింది. “అన్నీ అడుగుతుంది, ఒక్కటీ తినదు. నేనెక్కడ చావను?”

“వయసు మళ్ళితే అంతే. ఆకలి చస్తుంది, కోరిక చావదు.”

ఒకరోజు మొలకల గిన్నె కూడా వెనక్కి వచ్చింది. కోడలు ఇక ఆగలేకపోయింది.

“మీరు తినకుండా మంచం పడితే నేను పని మానేయాలి. అది తెలుసా మీకు?”

అత్తగారు మెల్లగా, “రేపు పెసలు నానబెట్టు,” అంది.

మూడు నెలలకు మళ్ళీ రక్తపరీక్ష చేయించారు. మళ్ళీ అదే గోల, “ముందు దానికి!” అని. ఈసారి ఫలితం వినడానికి కోడలు పట్టుబట్టి సెలవు పెట్టింది. సంచీ పట్టుకుని మెట్లన్నీ ఆగకుండా ఎక్కేసి వెనక్కి చూస్తే, అత్తగారు ఇంకా కిందే రొప్పుతోంది. కోడలి ప్రాణం ఉసూరుమంది. అంత చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

డాక్టరమ్మ కాగితాలు చూసి నవ్వింది. “భేష్. ప్రోటీన్ సరిపడా వచ్చేసింది.”

“ఎలా వస్తుందండీ?” కోడలు నమ్మలేదు. “మా అత్తయ్య నాలుగు గింజలు కూడా తిన్నగా తినదు. ఇంకోసారి చూడండి.”

డాక్టరమ్మ అత్తగారి వంక చూసింది. అత్తగారు జీవితంలో ఎన్నడూ ఫ్యాను చూడనట్టు పైకి చూస్తోంది.

“ఇంకా చెప్పలేదా పెద్దమ్మా?” అంటూ డాక్టరమ్మ కోడలి వైపు తిరిగింది.

“అప్పుడు ప్రోటీన్ లేనిది మీ అత్తగారికి కాదమ్మా, నీకు.”